మాస్కు సరిపోయే చోట గొట్టం దాకా ఎందుకు?

చలి ముదిరిందంటే ప్రభుత్వాసుపత్రుల ఎమర్జెన్సీ వార్డులకు ఆయాసం రోగుల తాకిడి మొదలవుతుంది. ఏళ్ల తరబడి బీడీలు కాల్చినవారు, కట్టెల పొయ్యి పొగలో వంట చేసిన అమ్మలు. ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు సీఓపీడీ ముదిరి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మగతలోకి జారుతున్న ఇలాంటివారికి ముందుగా దక్కాల్సిన వైద్యం బైపాప్. ముఖానికి బిగించిన మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి, అలసిన శ్వాస కండరాలకు ఇది ఆసరా ఇస్తుంది. ప్రతి ఏరియా ఆసుపత్రిలో రాత్రీపగలూ ఈ వైద్యం అందాల్సిందే.

ఇది పాతికేళ్ల కిందటే తేలిన విషయం. 1995లో యూరప్ ఐసీయూల్లో జరిగిన అధ్యయనంలో, మామూలు వైద్యం పొందినవారిలో 74 శాతం మందికి గొంతులో గొట్టం వేయాల్సి వస్తే, మాస్కు పెట్టినవారిలో 26 శాతం మందికే ఆ అవసరం పడింది. మరణాలు 29 శాతం నుంచి 9 శాతానికి తగ్గాయి. 2000లో బ్రిటన్ వైద్యులు సాధారణ వార్డుల్లోనే, నర్సుల చేతుల మీదుగా ఇదే వైద్యం నడిపితే మరణాలు సగానికి పడిపోయాయి. ఐసీయూ లేదు కాబట్టి చేయలేమన్న మాట ఇక చెల్లదు.

అయితే యంత్రం కొనిపడేస్తే సరిపోదు. ఊపిరాడనివాడి ముఖానికి ఒక్కసారిగా మాస్కు బిగిస్తే లాగి పారేస్తాడు. తెలిసిన నర్సు మొదట చేత్తో పట్టుకుని, తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి, అలవాటయ్యాకే పట్టీలు వేస్తుంది. పళ్లు ఊడిన బుగ్గల పక్కనుంచి గాలి పోతుంటే సరిచేస్తుంది. గంటకల్లా రక్తంలోని వాయువులను కొలిచే ఏబీజీ పరీక్షతో ఆమ్లత తగ్గిందో లేదో చూడాలి. ఈ పనితనం కొన్నాళ్ల శిక్షణతో వచ్చేదే.

ఈలోగా ఆక్సిజన్‌తో జరిగే పొరపాటునూ ఆపాలి. సీఓపీడీ రోగికి పల్స్ ఆక్సీమీటర్‌లో 88 నుంచి 92 దాకా చాలు. వంద చూపించాలని ఆక్సిజన్ ధారాళంగా వదిలితే కార్బన్ డయాక్సైడ్ మరింత పెరుగుతుంది. అలా వదిలి, అంబులెన్సులో గంటల ప్రయాణానికి పంపడం ప్రాణాలతో చెలగాటమే.

మాస్కు అందరికీ పనికిరాదు. ఆగని వాంతులున్నా, కఫం గొంతుకు అడ్డుపడుతున్నా, తీవ్రమైన న్యుమోనియాతో ఆక్సిజన్ పడిపోతున్నా గొట్టం వేయడంలో జాప్యం చేయకూడదు. బైపాప్ పెట్టాం కదా అని రోగిని వదిలేయడం, అసలు పెట్టకపోవడమంత ప్రమాదం.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ వచ్చే చలికాలంలోపు ప్రతి ఏరియా ఆసుపత్రికి పనిచేసే బైపాప్‌లు, తగిన సైజుల మాస్కులు, నిత్యం నడిచే ఏబీజీ యంత్రం సమకూర్చాలి. రాత్రి షిఫ్టులో కూడా శిక్షణ పొందిన నర్సు ఉండేలా డ్యూటీలు వేయాలి.