ప్రత్యక్ష ప్రసార పాఠములు – పాలమూరు పల్లెలు

రాజధానిలో నొక గదియందు నిలిచి ఉపాధ్యాయుడు చెప్పు పాఠమును అదే నిమిషమున అలంపురములోను, అమ్రాబాదులోను బాలబాలికలు చూచి వినగల సాధనము నేడు మన రాష్ట్రమున కున్నది. దాని పేరు టీ-సాట్. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ‘మన టీవీ’ యను పేర నడచిన సంస్థయే 2017లో ఈ పేరు దాల్చి, ‘విద్య’, ‘నిపుణ’ యను రెండు ఛానళ్లతో ఉపగ్రహము ద్వారాను, సెల్‌ఫోను యాప్ ద్వారాను, యూట్యూబు ద్వారాను పాఠములు ప్రసారము చేయుచున్నది. ఇట్టి సంస్థను ప్రజాధనముతో నిలుపుకొనుట మెచ్చదగిన కార్యమే. అయితే పాఠము పంపుట వేరు, పాఠము అందుట వేరు. పంపినంతనే పని ముగిసినదనుకొనుట ఉత్తరమును తపాలా పెట్టెలో వేసి, జవాబు వచ్చినదని సంతోషించుట వంటిది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల అవసరములను ముందుంచుకొని, ఈ ప్రసారమును బాగుచేయుటకు మాకు తోచిన సూచనలను ఈ వారము విన్నవించుచున్నాము.

ఆకాశమార్గమున పాఠములు వచ్చుట పాలమూరునకు క్రొత్త గాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు భారత అంతరిక్ష పరిశోధన సంస్థవారు అమెరికావారి ఉపగ్రహము నొకదానిని ఏడాదికి ఎరవు దెచ్చి, ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు పంపిరి. నాటి ఆంధ్రప్రదేశమున ఎన్నుకొనబడిన జిల్లాలలో మహబూబ్‌నగర మొకటి. ఊరికొక పెట్టె; ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు. గడువు తీరగానే ఉపగ్రహము మరలిపోయినది, ప్రయోగమును ముగిసినది. 2004 సెప్టెంబరు 20న విద్యకొఱకే నిర్మితమైన ఎడ్యుశాట్ మన శ్రీహరికోట నుండియే ఆకాశమున కెగసినది. ఎరవు సాధనముతో ఆరంభించి సొంత సాధనమునకు వచ్చితిమి. ఇది జాతికి గర్వకారణము. కాని చెప్పువాడు చెప్పుచుండుట, వినువాడు వినుచుండుట తప్ప, వినువాని సందేహము చెప్పువానిని చేరు దారి మాత్రము ఆనాటివలెనే నేటికిని సన్నముగనే యున్నది.

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగరము నుండి వేరుపడినవి. 2011 జనాభా లెక్కల ననుసరించి నేటి జోగులాంబ గద్వాల జిల్లా ప్రాంతమున అక్షరాస్యులు నూటికి 50 మందికి లోపే. రాష్ట్రమంతటికి ఆ లెక్క 66కు పైబడియున్నది. నడిగడ్డలో పత్తి విత్తనపు చేలలో క్రాసింగు పని వచ్చినప్పుడు చిన్న చేతులకు గిరాకి పెరుగును. బడిలో హాజరు తరుగును. వనపర్తి పల్లెల నుండి తల్లిదండ్రులు వలస పోవునప్పుడు పిల్లలును మూట గట్టుకొని వెంట పోవుదురు. నాగర్‌కర్నూలు జిల్లాలో నల్లమల నడుమ చెంచుల పెంటలకు సెల్‌ఫోను సంకేతము అందుటయే దుర్లభము. కరోనా కాలమున 2020 సెప్టెంబరు 1 నుండి రాష్ట్ర ప్రభుత్వమువారు దూరదర్శన్ యాదగిరి ద్వారాను, టీ-సాట్ ద్వారాను తరగతులు నడిపినప్పుడు, ఇంట నున్న ఒక్క ఫోను తండ్రితో పొలమునకు పోగా పాఠము పోగొట్టుకొన్న పిల్లలు లేని పల్లె ఏది? ప్రత్యక్ష పాఠమువలన అందరికన్న ఎక్కువ మేలు పొందవలసినవారికే అది అందరికన్న తక్కువగా అందుచున్నది. మా సూచన లన్నిటికిని మూలమిదియే.

మొదటిది, ప్రసారపు బరువు తగ్గవలెను. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున పంపబడు బొమ్మకు గంటకు 450 మెగాబైట్లు ఖర్చగును. కూలివాని ఫోనులో ఒకనాటి డేటా ఒకటి రెండు పాఠములతోనే చాలవరకు హరించును. 64 కిలోబిట్ల ధ్వనికైనచో గంటకు 29 మెగాబైట్లకు మించదు. కావున ప్రతి ప్రత్యక్ష పాఠమును మూడు రూపముల పంపవలెను: నిండు బొమ్మ యొకటి, చిన్న బొమ్మ యొకటి, ధ్వనితోపాటు నల్లబల్లమీది వ్రాతను మాత్రము నిశ్చల చిత్రములుగా జూపునది యొకటి. సంకేతము బలహీనమైనప్పుడు పాఠము ఆగిపోక, తనంత తానే చిన్న రూపమునకు దిగవలెను. ఉపాధ్యాయుని ముఖము కొంత మసకబారినను నష్టము లేదు. మాట తెగరాదు, లెక్క చెరగరాదు.

రెండవది, ప్రశ్నకు దారి. ఇంటర్నెట్టు మీద ప్రత్యక్షమనబడునది సాధారణముగా పది, ఇరువది సెకండ్లు వెనుకబడియే యుండును. పిల్లవాడు ప్రశ్న పంపునప్పటికి ఉపాధ్యాయుడు ముందుకు పోయియుండును. అందుచేత ప్రతి పావుగంటకు ఒకమారు పాఠము నిలిపి, వచ్చిన ప్రశ్నలను పేరును, ఊరును చదివి జవాబు చెప్పు నియమ ముండవలెను. స్మార్టుఫోను లేనివారికై ఖర్చులేని టెలిఫోను నంబరొకటి పాఠము జరుగునంతసేపు తెరమీద నిలువవలెను. సమయము చాలక మిగిలిన ప్రశ్నలకు మరునాటి పాఠారంభమున సమాధానము చెప్పవలెను. తన ఊరి పేరు ప్రసారమున వినబడిన పిల్లకు చదువుమీద కలుగు ఆసక్తి వేయి ప్రకటనలవలన కలుగదు.

మూడవది, పాఠముల భద్రత. క్రాసింగు కాలములో నెలరోజులు బడి తప్పిన బాలుడు మరలి వచ్చినప్పుడు, తప్పిన పాఠము లేవో, ఎక్కడ నున్నవో వానికి తెలియవలెను. రికార్డు చేసిన పాఠములను ప్రసారమైన తేదీవరుసను గాక, ప్రభుత్వ పాఠ్యపుస్తకములోని పాఠముల వరుసను అమర్చి, పుస్తకముననే సంఖ్య ముద్రింపవలెను. వానిని బడిలోనే దింపుకొని, ఇంటర్నెట్టు లేకయే చూచు వీలు కల్పింపవలెను. నల్లమల పెంటలకు నెలకొకమారు పాఠములు నింపిన మెమొరీ కార్డు చేర్చుట కష్టసాధ్యమేమియు గాదు.

నాలుగవది, చదువుకొను చోటు. 2020లో కేరళమున టెలివిజను లేని యిండ్ల పిల్లలకొఱకు గ్రంథాలయములందును, అంగన్‌వాడీలందును సామూహికముగా పాఠములు చూచు ఏర్పాటు జరిగినది. మనకును ఇంటిపన్నుతో గ్రంథాలయ పన్ను చెల్లించు ప్రజలున్నారు. జిల్లా గ్రంథాలయ సంస్థలున్నవి. ప్రతి శాఖా గ్రంథాలయములోను ఒక తెరయు, నమ్మకమైన కనెక్షనును, ఆనాటి పాఠముల పట్టికయు ఉండవలెను. వారమునకు ముందే పట్టిక గోడకు అంటింపవలెను. పఠన మందిరములలో ఈ పత్రికను చదువు పెద్దలు రోజునకొక గంట ఆ తెరచెంత కూర్చుండి పిల్లలకు తోడుపడినచో, ప్రభుత్వమువారు చేయజాలని పనిని ప్రజలే చేసినవారగుదురు.

ఐదవది, నుడియు, నోరును. నడిగడ్డ తెలుగునకు ఒకవంక రాయచూరు కన్నడపు సోకు, ఒకవంక కర్నూలు యాస కలదు. లంబాడీ తండాలలో ఇంటిమాట వేరు. ఉర్దూ మాధ్యమమున చదువువారును కలరు. అందరికిని ఒక్క నగరపు నుడి చాలదు. మాటలు అక్షరములుగా తెరయడుగున కనబడవలెను. చెవిటి పిల్లలకై సైగల భాష కూడ నుండవలెను. ఈ జిల్లాల ఉపాధ్యాయులను పిలిచి పాఠములు చెప్పింపవలెను. అంతటి సమర్థు లిక్కడ లేరందురేమో! తెలంగాణములో కవులే లేరన్న మాటకు, ఇటిక్యాలపాడు స్వగ్రామముగా గల సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి జవాబు చెప్పిరి. వెదకినవారికి కవులు దొరకినట్లే ఉపాధ్యాయులును దొరకుదురు.

ఆరవది, లెక్క చెప్పుట. ఇందరు చూచిరని పెద్ద అంకె యొకటి ప్రకటించుటవలన ప్రయోజనము లేదు. నిమిషము చూచి పోయినవాడును, గంట కూర్చున్నవాడును ఆ అంకెలో ఒక్కటే. ఏ మండలమున ఎందరు కడవరకు చూచిరి, ఎన్ని ప్రశ్నలు వచ్చినవి, ఎన్నిటికి జవాబు దొరకినది యను వివరములను మండలమువారీగా నెలనెల ప్రకటింపవలెను. పిల్లల పేర్లును, ఫోను నంబర్లును మాత్రము గోప్యముగా నుండవలెను. మరియొక మాట: యూట్యూబు వంటి పరాయి అంగడిలో పాఠము ప్రక్కనే వినోదము పిల్లవానిని పిలుచుచుండును. ఆ అంగడి నుపయోగించుకొనుట తప్పు గాదు; దానిమీదనే ఆధారపడుట తప్పు. సొంత ఉపగ్రహముల నెగురవేయుచున్న దేశము సొంత యాప్‌ను చక్కపరచుకొనజాలదా?

ఇంత వ్యయ మెందుకు, బడి యున్నది గదా యని కొందరనవచ్చును. మా సూచనలలో పెక్కింటికి ధనము కన్న శ్రద్ధ ముఖ్యము. పట్టిక అంటించుటకును, ప్రశ్న చదువుటకును కోట్లు అక్కరలేదు. పిల్లలకు ఫోను అలవాటగునని జంకువారికి గ్రంథాలయపు తెరయే సమాధానము. అయితే తెరను చూపి ఉపాధ్యాయుల ఖాళీలను నింపకుండుటకు ప్రభుత్వమువారు సాహసించినచో మేము మొట్టమొదట ఎదిరింతుము. తెర ఉపాధ్యాయునికి చేయూత కావలెను గాని బదులు కారాదు.

1959లో వనపర్తి రాజప్రాసాదమున పాలిటెక్నిక్ నెలకొన్నప్పుడు రాజుల యిల్లు ప్రజల బడి యయ్యెను. నేడు రాజధానిలోని ప్రసారశాలయు అటులే పల్లె ప్రజల బడి కావలెను. అది అట్లయినదో లేదో తెలిసికొనుటకు కొలబద్ద యొక్కటే: నల్లమలలో ఆఖరి పెంటనుండి ఒక బాలిక ప్రశ్న యడిగినచో, ఆమెకు జవాబు చేరునా, చేరదా? మూడు జిల్లాల శాసనసభ్యులును, కలెక్టరులును, టీ-సాట్ అధికారులును రానున్న విద్యాసంవత్సరము లోపల ఈ ప్రశ్నకు తమ కార్యములతోనే సమాధాన మిత్తురని ఆశించుచున్నాము. అంతవరకు అడుగుచుండుట ప్రజల విధి. ఆ విధిని గుర్తుచేయుచుండుట మా విధి.