పరుగెత్తేవారి పళ్ళెం

“మీకేమండీ, రోజూ పరుగెత్తుతారు. ఏదైనా తినవచ్చు!”

ఏ పెండ్లి విందుకు వెళ్ళినా, ఎవరింట భోజనానికి కూర్చున్నా ఈ మాట నాకు తప్పదు. మాట పూర్తి కాకముందే విస్తట్లో ఇంకొక కాజా పడుతుంది. వడ్డించేవారిది ప్రేమే, అందులో సందేహం లేదు. పైగా నేను భోజనప్రియుణ్ణి. మా గోదావరి జిల్లాలో పుట్టి ముద్దపప్పు, ఆవకాయ, పనసపొట్టు కూర, కొరమేను పులుసు ఇష్టం లేదనేవారిని నేను అంత త్వరగా నమ్మను. తిండి మీద ఆశ లేనివారు ఆరోగ్యం గూర్చి వ్రాసే వ్యాసాలు కూడా నేను చదవలేను. వారికి మన కష్టం తెలియదు.

అయితే ఆ మాట నిజమేనా అని పాఠకులలో కొందరు అడుగుతున్నారు గనుక ఈ నెల దాని గూర్చే వ్రాస్తున్నాను. పరుగెత్తేవారు ఏదైనా తినవచ్చునా?

ముందు లెక్క చూద్దాం. కిలోమీటరు పరుగెత్తితే మన బరువులో ఒక్కొక్క కిలోకు సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. నా బరువు 73 కిలోలు. 5 కిలోమీటర్లు పరుగెత్తితే 365 క్యాలరీలు. ఇందుకు అరగంట పైగా పడుతుంది, చొక్కా పిండితే నీళ్ళు కారతాయి. అదే 100 గ్రాముల బియ్యం వండుకొని తింటే సుమారు 350 క్యాలరీలు వచ్చేస్తాయి. అది తినడానికి పది నిమిషాలు చాలు. నెయ్యి సంగతి ఇంకా విచిత్రం. పెద్ద చెంచాడు నెయ్యి, అంటే 15 గ్రాములు, 135 క్యాలరీలు. నాకది రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. ముద్దపప్పులో అమ్మ వేసే నెయ్యి ఒక చెంచాతో ఆగదని మీకు వేరే చెప్పాలా? ఇక తాపేశ్వరం కాజాకు ఎన్ని కిలోమీటర్లో నేను లెక్క వేయలేదు, వేయను కూడా. కొన్ని సంగతులు తెలియకుండా ఉండడమే సుఖం.

కాబట్టి తిన్నదంతా పరుగుతో కరిగించడం సామాన్యులకు సాధ్యం కాదు. మరి పరుగెందుకు? ఇక్కడే చాలామందికి తెలియని మేలు ఒకటుంది. కండరాలు పనిచేస్తున్నప్పుడు రక్తంలోని చక్కెరను తమంతట తామే లోపలికి లాక్కుంటాయి. ఆ సమయంలో వాటికి ఇన్సులిన్ సహాయం అంతగా అక్కరలేదు. పని ముగిసిన తరువాత కూడా ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మాటను అవి బాగా వింటాయి. తరువాత మళ్ళీ మొద్దుబారిపోతాయి. అందుకనే వ్యాయామానికి వరుసగా రెండు రోజులకు మించి సెలవు ఇవ్వవద్దని వైద్యులు చెబుతారు. శనివారం ఒక్కరోజే పది కిలోమీటర్లు పరుగెత్తి వారమంతా కుర్చీలో కూర్చునే వారికన్నా, రోజు విడిచి రోజు మూడేసి కిలోమీటర్లు వెళ్ళేవారికి ఈ విషయంలో లాభం ఎక్కువ.

ఇంత ఖచ్చితంగా ఈ సంగతులు నాకు తెలియడానికి కారణం మా నాన్నగారు. ఆయనకు 41వ ఏట చక్కెర వ్యాధి బయటపడింది. 58వ ఏట ఎడమ కాలి రెండు వేళ్ళు తీసివేశారు. తరువాత మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చివరి రెండు సంవత్సరాలు వారానికి మూడుసార్లు డయాలిసిస్. 2011లో, 66 ఏళ్ళకు వెళ్ళిపోయారు. ఆ రెండు సంవత్సరాలు ఆయన తిన్నది చూస్తే ఏడుపు వచ్చేది. ఉప్పు లేదు, పప్పు కొలత ప్రకారం, అరటిపండు వద్దు, కొబ్బరినీళ్ళు వద్దు. మంచినీళ్ళకు సైతం కొలతే. నాకు పులుసు రుచి నేర్పినవాడు ఆయన. దోసకాయ ముక్క నమిలి చేదో కాదో చెప్పినవాడు ఆయన. అటువంటి మనిషి గ్లాసు అడుగున నాలుగు గుక్కల నీళ్ళు పోసుకొని గంటసేపు దాచుకొనేవారు.

2016లో నాకు 44వ ఏడు. మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష, అదే హెచ్‌బిఎ1సి, చేయించుకొంటే 6.2 వచ్చింది. 5.7 కంటే తక్కువ ఉంటే మామూలు. 6.5, అంతకు మించితే చక్కెర వ్యాధి. నడుమ ఉన్నది గుమ్మం. నేను గుమ్మం మీద నిలబడి ఉన్నానన్నమాట. అప్పుడు నా బరువు 81 కిలోలు.

అప్పుడే మన పొరుగున చెన్నైలో జరిగిన ఒక పరిశోధన గూర్చి చదివాను. గుమ్మం మీద ఉన్న 531 మందిని తీసుకొని మూడేళ్ళ పాటు గమనించారు. ఫలితాలు 2006లో వెలువడ్డాయి. మామూలు సలహాతో విడిచిపెట్టిన వారిలో నూటికి 55 మందికి చక్కెర వ్యాధి వచ్చింది. రోజూ నడక, భోజనంలో మార్పు అలవాటు చేసినవారిలో నూటికి 39 మందికి వచ్చింది. ఈ అంకెలను నేను చాలాసార్లు తలచుకొన్నాను. నూటికి 16 మంది తప్పించుకొన్నారు. అన్నీ చేసినా 39 మంది తప్పించుకోలేదు. వ్యాయామం చేస్తే చక్కెర రానే రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. వస్తుందేమోనని ఊరక కూర్చోనూ వద్దు. మొదటి ఆరు నెలలు నడిచాను, తరువాత పరుగు పట్టుకొన్నాను.

మాది రాజమహేంద్రవరం. పరుగుకు గోదావరి గట్టును మించిన చోటు నేను చూడలేదు. తెల్లవారుజామున అయిదింటికి కోటిలింగాల రేవు దగ్గర మొదలుపెట్టి, పుష్కర ఘాటు మీదుగా పాత హేవలాక్ వంతెన వైపు వెళ్ళి తిరిగి వస్తాను. తక్కువైన దూరం వీధుల్లో పూర్తి చేస్తే 5 కిలోమీటర్లు. ఆ పాత వంతెన 1900లో మొదలై 1997 వరకు రైళ్ళను మోసింది. ఇప్పుడు పనిలేక నిలబడి ఉన్నది. దాని పక్కన విల్లుల వంతెన మీద రైలు వెళ్తుంటే నేను దానితో పందెం వేస్తాను. ప్రతిసారీ రైలే గెలుస్తుంది. నెలకొకసారి ధవళేశ్వరం దాకా వెళ్తాను. కాటన్ దొరగారు 1852 నాటికి కట్టించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజి చూసి, బస్సెక్కి ఇంటికి వస్తాను. తిరుగు ప్రయాణానికి బస్సెక్కడం నామోషీ కాదు.

మొదట్లో నామోషీ అనిపించింది నిక్కరు. నలభై నాలుగేళ్ళ మనిషి, పెళ్ళీడుకు వస్తున్న కూతురున్నవాడు, నిక్కరు వేసుకొని వీధిలో పరుగెత్తితే ఎదురైనవారు “ఏమైందండీ, ఎవరికైనా బాగోలేదా?” అని ఆదుర్దాగా అడిగేవారు. కుక్కలు కూడా అదే అనుమానంతో వెంటబడేవి. ఇప్పుడు మనుషులూ కుక్కలూ అలవాటు పడ్డారు. మా ఆవిడ చీరమీదే బూట్లు తొడుక్కొని నడకకు వస్తుంది. చూసేవారు చూస్తారు, ఆమెకు లెక్కలేదు. ఆదివారం ఇద్దరికీ సెలవు.

బయట పరుగు సులభమే. ఇంట్లో పళ్ళెం దగ్గరే కష్టమంతా. అమ్మకు 77 ఏళ్ళు, వంట ఇప్పటికీ ఆమెదే. నేను రెండవసారి అన్నం వద్దంటే ఆమె ముఖం మారిపోయేది. “మీ నాన్నగారు తినలేక పోయారు, మీరైనా కడుపునిండా తినండి నాయనా” అనేది. దానికి ఎవరేమి జవాబు చెప్పగలరు? మా తమ్ముడికి 2019లో చక్కెర వ్యాధి వచ్చింది, మాత్రలు వాడుతున్నాడు. వాడు అమ్మ మాట కాదనలేక తింటాడు, తిని బాధపడతాడు. వద్దంటే అమ్మకు దుఃఖం, తింటే మాకు ప్రమాదం. ఇటువంటి చోట ఉపన్యాసాలు పనిచేయవు. క్యాలరీల లెక్క అమ్మకు చెప్పడమంటే ఆమె చేతి వంటను తూకం వేసినట్టే.

దారి మా ఆవిడ చూపింది. “అత్తయ్యా, అన్నం తరువాత వడ్డిద్దాం, ముందు కూరలు పెట్టండి” అన్నది, అంతే. తోటకూర వేపుడో, బీరకాయ కూరో, పప్పో, చేపో ముందుగా పళ్ళెంలో పడితే అమ్మకు వడ్డించిన తృప్తి, మాకు సగం కడుపు నిండడం రెండూ జరిగేవి. తరువాత అన్నం తక్కువ పడుతుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలలో, మనకు చేరే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదని ఉంది. మన ఇళ్ళలో పళ్ళెమంతా అన్నమే గదా, కూర అంచున నంజుకోవడానికి! ఆ పళ్ళాన్ని కాస్త తిరగేయడమే మేము చేసిన పని. ఒకరోజు చూస్తే వడ్డించే పెద్ద హస్తం కనబడలేదు, దాని స్థానంలో చిన్న గరిటె ఉంది. ఎవరు మార్చారని మేము అడగలేదు. అమ్మ చెప్పలేదు.

పరుగు ముగించి వచ్చాక చోడి అంబలిలో మజ్జిగ కలుపుకొని తాగుతాను, తరువాత రెండు గుడ్లు గాని పెసరట్టు గాని. పెసరట్టు లోపల ఉప్మా పెట్టించుకోవడం మానలేదు, నెలకు రెండుసార్లకు తగ్గించాను. ఆత్రేయపురం పూతరేకులు ఇంటికి వస్తే ఒకటి తింటాను, నిదానంగా, కూర్చొని. నిలబడి తిన్నది రెండవదాన్ని పిలుస్తుందని నా అనుభవం. రాత్రి భోజనమయ్యాక పదిహేను నిమిషాలు వీధి చివరి వరకు అందరం నడుస్తాం. భోజనం తరువాత పైకెగబాకే చక్కెరను ఆ చిన్న నడక బాగా అణచుతుంది. తమ్ముడు కూడా ఇందుకు వస్తాడు. పరుగుకు రమ్మంటే మాత్రం రాడు.

పులస సంగతి చెప్పకుండా గోదావరి వాడు వ్యాసం ముగించకూడదు. వరద ఎర్రనీరు దిగేవేళ సముద్రం నుండి ఏటికి ఎదురీది ధవళేశ్వరం వరకు వస్తుంది ఆ చేప. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నారు పెద్దలు. ధర చూస్తే ఇప్పుడు ఆ సామెత హాస్యం కాదు. అది కొవ్వుగల చేపే, కాని ఆ కొవ్వు గుండెకు మంచి చేసే జాతిది. ఏడాదికొకసారి మా ఇంట వండుతాం, ఆ రోజు నేను ఏ లెక్కా వేయను. చేపతో చిక్కు లేదు. ఆ పులుసు పేరు చెప్పుకొని నాలుగుసార్లు పెట్టుకొనే అన్నంతోనే చిక్కు.

మోకాళ్ళు అరిగిపోతాయని భయపెట్టేవారు చాలామంది ఉన్నారు. 2017లో అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు, సరదాగా పరుగెత్తేవారిలో మోకాలి, తుంటి కీళ్ళ అరుగుదల నూటికి 3.5 మందిలోనే కనబడింది. పరుగెత్తక కూర్చున్న వారిలో 10 మందికి పైగా. పోటీల కోసం శరీరాన్ని విరుచుకొనేవారిలో మాత్రం 13 మందికి పైగా. మన వంటివారికి మొదటి అంకె చాలు.

గుండె సంగతి వేరు. అమెరికాలో జిమ్ ఫిక్స్ అనే రచయిత సిగరెట్లు మాని, బరువు తగ్గి, పరుగు మీద 1977లో వ్రాసిన పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఆయనను చూసి ఎందరో వీధుల్లోకి వచ్చి పరుగెత్తారు. 1984లో, 52 ఏళ్ళ వయసులో, పరుగుకు వెళ్ళి దారిలోనే గుండెపోటుతో మరణించాడు. వాళ్ళ నాన్నగారికి 35వ ఏటనే గుండెపోటు వచ్చింది, 43వ ఏట మరణించారు. పరుగు చెడ్డదని కాదు. తండ్రి నుండి వచ్చినదాన్ని పరుగు కొంత వెనక్కి నెట్టగలదు గాని పూర్తిగా చెరపలేదు. అందుకని నేను ఏడాదికి రెండుసార్లు చక్కెర, ఒకసారి కొలెస్టరాలు, రక్తపోటు చూపించుకొంటాను. నా అంకె ఒక దశలో 5.6కు దిగింది, 2020లో ఇంట్లో బందీలమైనప్పుడు 5.9కి ఎక్కింది, ఇప్పుడు ఆ రెంటి నడుమ ఊగుతున్నది.

చివరిగా, చక్కెరకు మాత్రలు వాడుతున్న తన భర్త పరుగు మొదలుపెట్టవచ్చునా అని అడిగిన సహోదరికి. మొదట వైద్యునికి చూపించి, గుండె పరీక్ష అవసరమేమో అడగండి. పరుగుతో గాక నడకతో మొదలుపెట్టాలి, మాట్లాడగలిగే వేగంలో. ఇన్సులిన్ గాని, చక్కెరను దించే కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారికి వ్యాయామంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు. చేతులు వణికినా, చెమటలు పట్టినా, తల తిరిగినా ఆగి వెంటనే చక్కెరో గ్లూకోజో నోట్లో వేసుకోవాలి. అది జేబులో ఉండాలి, ఇంట్లో అల్మారాలో కాదు. ఛాతీలో నొప్పి గాని బిగువు గాని వస్తే ఆ రోజుకు ఆపి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. చెప్పులు లేకుండా నడవనివ్వకండి. తిరిగి వచ్చాక ఆయన మేజోళ్ళు విప్పగానే, మీరే దీపం దగ్గర కూర్చోబెట్టి, రెండు పాదాలూ, వేళ్ళ సందులతో సహా, రోజూ చూడండి.