ఒండ్రు వాటా మాటేమిటి?

కృష్ణా జలాల తగువు మనకు కొత్త కాదు. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీల పంపకం, రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా తెగలేదు. శ్రీశైలంలో నీటిమట్టం ఎంత, సాగర్‌కు ఇన్‌ఫ్లో ఎంత అన్నది ఆయకట్టు రైతుకు నోటి మీదే ఉంటుంది. కానీ ఆ నీళ్లతో కలిసి సముద్రం దాకా రావలసింది ఇంకొకటి ఉంది. ఒండ్రుమట్టి. దాని వాటా కోసం ఎవరూ పోట్లాడరు. మన తీరం కరిగిపోవడానికి పెద్ద కారణం అక్కడే ఉందని నా నమ్మకం.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె. నాగేశ్వరరావు బృందం 2010లో ఒక అధ్యయనం ప్రచురించింది. 1966-69 మధ్య కృష్ణ ఏటా 90 లక్షల టన్నుల ఒండ్రును డెల్టాకు మోసుకొచ్చేది. 2000-05 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. నీటి సంగతీ అంతే. 1950లలో ఏడాదికి సుమారు 2,185 టీఎంసీలు డెల్టాకు దిగేవి, 2000-08 నాటికి 417 మిగిలాయి. గోదావరి కథ వేరు. అక్కడ నీరు పెద్దగా తగ్గలేదు. ఒండ్రు మాత్రం 15 కోట్ల టన్నుల నుంచి 5.7 కోట్ల టన్నులకు తగ్గింది. అంటే నీళ్లు వస్తున్నాయి, మట్టి ఎగువన జలాశయాల అడుగున ఆగిపోతోంది. ఫలితంగా 1965 నుంచి 2008 దాకా ఈ రెండు డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసింది.

ప్రాజెక్టులు వద్దని అనడం లేదు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తి కాకపోతే గోదావరి డెల్టా ఇన్ని నోళ్లకు అన్నం పెట్టేది కాదు. అయితే డెల్టా అన్నది మెత్తటి మట్టి. తన బరువుకు తానే అణుగుతూ ఏటా కొంచెం కిందికి దిగుతుంది. కొత్త వరద తెచ్చిన మట్టి ఆ లోటును పూడుస్తూ ఉండాలి. భూగోళం వేడెక్కి సముద్రమట్టం పైకి వస్తున్న ఈ రోజుల్లోనే ఆ పూడిక కూడా బాగా తగ్గిపోయింది. నేల దిగుతుంటే, నీరు ఎక్కుతోంది.

మట్టి చేసే పని నేల నిలబెట్టడంతో అయిపోదు. కోరంగి మడ అడవిలో నీరు తీసిన వేళ దోసెడు బురద తీసి చూడండి. పైన గోరుమందాన గోధుమరంగు పొర, దాని కింద కాటుక నలుపు, కుళ్లిన గుడ్డు వాసన. పై పొర వరకే ప్రాణవాయువు అందుతుంది. కింద, గాలి చొరబడని చోట బతికే బాక్టీరియా, సముద్రపు నీటిలోని సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తుంది. ఆ వాసన దానిదే. పీతలు బొరియలు తవ్వి ఆ నల్లమట్టిలోకి గాలినీ నీటినీ దింపుతుంటాయి. పురుగులు బురదను తిని బతుకుతాయి, గుల్లలు నీటిని వడగట్టుకుంటాయి. వాటి చుట్టూనే రొయ్య పిల్లలు, మండపీతలు, పండుగప్ప పిల్లలు పెరుగుతాయి. కాకినాడ రేవుకు వచ్చే వేటలో ఎంత భాగం ఈ బురదలో పుట్టి పెరిగిందో ఆలోచిస్తే, దాన్ని పనికిరాని నేలగా చూడటం ఎంత పొరపాటో తెలుస్తుంది.

ఇదే బురద విషాన్నీ పట్టి ఉంచుతుంది. ఫ్యాక్టరీల కాలువల్లో, నగరాల మురుగులో వచ్చే సీసం, కాడ్మియం, రాగి, జింకు నీళ్లలో ఎక్కువసేపు తేలవు. సన్నని బంకమట్టి రేణువులకు అంటుకుని అడుగుకు చేరతాయి. నల్ల పొరలో సల్ఫైడుతో కలిసి కదలకుండా ఉండిపోతాయి. అందుకే పైన నీళ్లు మాత్రమే పరీక్షించి అంతా బాగుందని చెప్పే నివేదికలు నన్ను ఊరడించలేవు. డ్రెడ్జర్ వచ్చి అడుగు తవ్వినా, తుపాను వచ్చి కలియబెట్టినా ఆ నల్లమట్టికి ఆక్సిజన్ తగులుతుంది, సల్ఫైడు బంధం విడిపోతుంది, లోహం మళ్లీ నీళ్లలోకి వస్తుంది. గుల్లల్లోకి, పీతల్లోకి, చివరికి మన కంచంలోకి చేరే దారి అదే. ఓడల అడుగున నాచు, గుల్లలు పట్టకుండా ఒకప్పుడు వేసిన ట్రైబ్యూటిల్ టిన్ రంగునే తీసుకోండి. దానివల్ల ఆడ సముద్రపు నత్తలకు మగ అవయవాలు మొలిచి సంతానమే ఆగిపోయింది. అంతర్జాతీయ నిషేధం 2008లో అమల్లోకి వచ్చింది. గాలి తగలని బురదలో పేరుకున్న ఆ మందు మాత్రం ఏళ్ల తరబడి విరగకుండా ఉంటుంది.

దీనికి తోడు రొయ్యల చెరువుల నీరు. రొయ్యలు పట్టాక వదిలే నీటితో పాటు మిగిలిన మేత, మందుల అవశేషాలు డ్రెయిన్ల గుండా ఉప్పుటేళ్లకు చేరతాయి. మేత కుళ్లేటప్పుడు ఆక్సిజన్‌ను లాగేస్తుంది. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ ముందే తక్కువగా కరుగుతుంది. వాతావరణ మార్పు ఒకటి, కాలుష్యం మరొకటి అని వేర్వేరు శాఖలకు అప్పగించి కూర్చుంటాం. అడుగున బతికే గుల్లకు రెండూ ఒకేసారి ఊపిరి తీస్తాయి.

ఇక తీరం కోత సంగతికి వస్తే, ఉప్పాడ. హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ అడ్డుగా ఉండటంతో కాకినాడ నిమ్మళంగా ఉంటుంది, ఆ అడ్డు దాటాక ఉత్తరాన అలలు నేరుగా ఊరి మీదికే వస్తాయి. ఎన్నో ఇళ్లు, గుళ్లు పోయాయి. తుపాను వెలిసిన తర్వాత ఆడవాళ్లు, పిల్లలు ఒడ్డున వంగి ఇసుకలో దువ్వెనలతో, చేతులతో బంగారు రవ్వలు వెతుకుతారని పేపర్లలో ఫొటోలు వేసి వింతగా రాస్తుంటారు. ఆ రవ్వలు పాత ఇళ్లవీ గుళ్లవీ అని ఊరివాళ్లు చెబుతారు. అది వింత కాదు, మునిగిపోయిన ఊరు. అక్కడ జియోట్యూబులు పరిచారు, రాళ్లు పోశారు. అవి జారిపోయాయి, బీచ్ రోడ్డు మళ్లీ మళ్లీ తెగింది. గోడ కట్టిన చోట కొన్నాళ్లు ఆగినా, గోడ చివర కోత పక్కవాళ్లకు మొదలవుతుంది. సుబ్బంపేట, కోనపాపపేట వాళ్లు కూడా ఇవాళ అదే భయంతో నిద్రపోతున్నారు. రాయి అలను ఆపుతుందేమో గానీ ఇసుకను పుట్టించలేదు.

విశాఖలో ఔటర్ హార్బర్ గోడలు దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచే ఇసుకను ఆపేస్తే, ఆ ఇసుకను తవ్వి ఆర్కే బీచ్‌కు పంపు చేసే పద్ధతి అమల్లో ఉంది. లోపాలున్నా ఆ ఆలోచన సరైనదే. పోర్టుల్లో తవ్విన మట్టిని ముందు లోహాల కోసం పరీక్షించి, శుభ్రంగా ఉన్న ఇసుకను నడిసముద్రంలో పారబోయకుండా కోసుకుపోతున్న ఒడ్డుకే ఇవ్వాలి. నీరు ఎక్కుతుంటే మడ అడవి లోపలికి జరగాలని చూస్తుంది, చెరువు గట్లు దానికి అడ్డం రాకూడదు. కాలుష్య నియంత్రణ మండలి నీటితో పాటు అడుగు మట్టినీ ఏటా పరీక్షించి, ఫలితాలు ఆ ఊరి పంచాయతీ గోడకు అంటించాలి.

అన్నిటికన్నా ముందు పోలవరం. ఎర్రనీరు వచ్చే తొలి వరదల్లోనే గోదావరి మోసే మట్టి ఎక్కువ. అందులో ఎంత జలాశయంలో ఆగుతుంది, ఎంత ధవళేశ్వరం దాటి కిందికి పోనిస్తారు, ఏ గేట్లు ఎప్పుడు ఎత్తుతారు అన్న లెక్క నీళ్లు పూర్తిగా నిలపకముందే జనం ముందు పెట్టాలి. ఆ లెక్క తేల్చే సమావేశానికి ఇంజనీర్లతో పాటు ఉప్పాడ, కోనసీమ, దివిసీమ మత్స్యకారులను కూడా పిలవాలి.