దేవునికి మహిమ

కోలారు బంగారు గనులలో, చాంపియన్ రీఫ్ నందు, మన పెద్దలు మూడు కిలోమీటర్లకు మించిన లోతున పనిచేసిరి. బండ పగిలినచో ప్రాణము దక్కుట దుర్లభము. షిఫ్టు ముగిసి క్షేమముగా పైకి వచ్చిన విశ్వాసి “నా నేర్పు” అనక “దేవునికి మహిమ” అనెడివాడు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. జీతము పోయినది, ఆ మాటయు పోవలెనా? మన స్తుతివలన దేవునికి కొరత తీరదు. మన గర్వము అణగును. కలిమిలో మహిమను తనదిగా నెంచినవాడు లేమిలో నిందను సైతము ఒంటరిగా మోయవలసి వచ్చును. దేవునికి అర్పించినవాడు రెంటను నిలుచును.

అయితే మహిమపరచుట పాటతో ముగియదు. సోదరులారా, ఆలయపు గోడమీది పలకపై మన పేరు చెక్కించుటకు ముందు, పనిలేని పొరుగువాని యింట పొయ్యి రాజినదో లేదో చూతము. ఆయనకు మహిమ అదియే.