‘అమెచ్యూర్‌’ అంటే అల్లాటప్పా కాదు!

ఫైనలియర్‌లో ఉన్నారా? అయితే ‘నీకు నచ్చిందాన్నే కెరియర్‌గా మార్చుకో’ అన్న సలహా ఈపాటికే మీ చెవిన పడి ఉంటుంది. ఫొటోలు బాగా తీసేవాణ్ని స్టూడియో పెట్టమంటారు. రెండు యాప్‌లు చేసినవాణ్ని స్టార్టప్‌ పెట్టమంటారు. పెట్టలేదనుకోండి... ‘ఏదో టైమ్‌పాస్‌కి చేస్తున్నాడులే’ అని తేల్చేస్తారు. ఈ రెండూ కాకుండా మూడో దారి ఒకటుంది. దాన్ని చూపించడానికి మనలో చాలామంది ఎప్పుడూ చూడని ఓ ఆట దగ్గరికి తీసుకెళ్తా. గోల్ఫ్‌! నవ్వకండి, కాస్త ఓపిక పట్టండి.

వాకర్‌ కప్‌ అని ఓ పోటీ ఉంది. ఒకవైపు అమెరికా, మరోవైపు బ్రిటన్‌-ఐర్లాండ్‌ ఉమ్మడి జట్టు. జట్టుకి పదిమంది, అందరూ అమెచ్యూర్లే. అంటే ఆటను వృత్తిగా తీసుకోనివాళ్లు. ప్రైజ్‌మనీ ఒక్క డాలర్‌ కూడా లేదు. రెండు రోజుల్లో 26 మ్యాచ్‌లు. ఉదయం పూట ఫోర్‌సమ్స్‌ అని ఆడతారు. ఇద్దరు పార్ట్‌నర్లకి కలిపి బంతి ఒకటే, చెరో షాట్‌ కొట్టాలి. మీ పార్ట్‌నర్‌ దాన్ని తీసుకెళ్లి ఇసుకలో పడేస్తే, అక్కణ్నుంచి బయటికి తీయాల్సింది మీరే. (ప్రాజెక్ట్‌ బ్యాచ్‌లో ఒక్కరే కోడ్‌ రాసిన అనుభవం ఉన్నవాళ్లకి ఇది వేరే వివరించక్కర్లేదు.) మధ్యాహ్నం సింగిల్స్‌.

మొదటి పోటీ 1922లో న్యూయార్క్‌ దగ్గర లాంగ్‌ ఐలాండ్‌లో జరిగింది. బెర్నార్డ్‌ డార్విన్‌ అనే ఆయన లండన్‌ పత్రిక ‘ది టైమ్స్‌’ తరఫున వార్తలు రాయడానికి అక్కడికి వెళ్లారు. బ్రిటన్‌ కెప్టెన్‌కి జబ్బు చేయడంతో ఆయన్నే జట్టులోకి దింపారు. తన సింగిల్స్‌ మ్యాచ్‌ గెలిచి మరీ వచ్చారు. మన బయాలజీ పుస్తకాల్లోని చార్లెస్‌ డార్విన్‌కి ఈయన మనవడే!

అదే పోటీలో అమెరికా తరఫున బాబీ జోన్స్‌ ఆడాడు. మెకానికల్‌ బ్రాంచ్‌ వాళ్లు ఈయన పేరు గుర్తుపెట్టుకోండి. సరిగ్గా ఆ ఏడాదే జార్జియా టెక్‌లో మెకానికల్‌ ఇంజినీరింగ్‌ పూర్తిచేశాడు. తర్వాత హార్వర్డ్‌లో ఇంగ్లిష్‌ సాహిత్యం చదివాడు, ఆపైన న్యాయశాస్త్రం చదివి లాయరయ్యాడు. ఈ చదువుల మధ్యే ప్రొఫెషనల్స్‌ని ఓడించి ఓపెన్‌ టోర్నీలు గెలిచాడు. 1930లో అప్పటి నాలుగు పెద్ద టైటిళ్లూ ఒకే ఏడాదిలో కొట్టి, 28 ఏళ్లకే పోటీల నుంచి తప్పుకున్నాడు. సినిమాల్లో గోల్ఫ్‌ పాఠాలు చెప్పి సంపాదించింది ఆ తర్వాతే. ఇలాంటి మనిషిని ‘టైమ్‌పాస్‌’ బ్యాచ్‌లో వేయగలమా?

వందేళ్ల కిందటి కథలు ఇప్పుడెందుకంటారా? సరే, 2017 జట్టు చూద్దాం. లాస్‌ ఏంజెలిస్‌లో అమెరికా 19-7తో గెలిచింది. ఇప్పుడు పెద్ద పేర్లయిన స్కాటీ షెఫ్లర్‌, కోలిన్‌ మొరికావా అప్పుడు ఆ జట్టులోని కుర్రాళ్లు. షెఫ్లర్‌ ఫైనాన్స్‌ డిగ్రీ, మొరికావా బిజినెస్‌ డిగ్రీ చేతికొచ్చాకే ప్రొఫెషనల్స్‌ అయ్యారు.

నాకు ఆసక్తి మాత్రం ఇంకో ఇద్దరి మీద. ఒకరు మావెరిక్‌ మెక్‌నీలీ. క్యాంపస్‌ టెస్టుల్లో మిమ్మల్ని ఏడిపించే జావా ఏ కంపెనీలో పుట్టిందో గుర్తుందా? సన్‌ మైక్రోసిస్టమ్స్‌. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన స్కాట్‌ మెక్‌నీలీ కొడుకే ఇతను. స్టాన్‌ఫర్డ్‌లో మేనేజ్‌మెంట్‌ సైన్స్‌ అండ్‌ ఇంజినీరింగ్‌ చదివాడు. ప్రపంచ అమెచ్యూర్‌ ర్యాంకింగ్స్‌లో నంబర్‌ వన్‌ అయ్యి కూడా, ప్రొఫెషనల్‌ అవ్వాలా వ్యాపారంలోకి వెళ్లాలా అని బహిరంగంగానే తటపటాయించాడు. చివరికి 2017లో ప్రొఫెషనల్‌ అయ్యాడు. పీజీఏ టూర్‌లో తొలి టైటిల్‌ ఎప్పుడొచ్చిందో తెలుసా? 2024 నవంబర్లో. నంబర్‌ వన్‌కే ఏడేళ్లు!

రెండో వ్యక్తి స్టువార్ట్‌ హేగెస్టాడ్‌. న్యూయార్క్‌లో ఫైనాన్స్‌ ఉద్యోగం చేస్తూ, 2016లో పాతికేళ్లు దాటినవాళ్లకి పెట్టే అమెరికా మిడ్‌-అమెచ్యూర్‌ టైటిల్‌ గెలిచాడు. ఫైనల్లో ఇక ఐదు హోల్సే మిగిలాయనగా నాలుగు వెనకబడి ఉన్నాడు, అక్కణ్నుంచి లేచి గెలిచాడు. ఆ గెలుపుతో 2017 మాస్టర్స్‌లో చోటు దక్కింది. అక్కడ అమెచ్యూర్లందరిలోకీ ముందు నిలిచాడు. ఎవరైనా ‘ఇక ఉద్యోగం మానెయ్‌’ అనే సందర్భమే అది. ఇతను మాత్రం ప్రొఫెషనల్‌ అవ్వలేదు. 2017 నుంచి 2025 దాకా వరసగా ఐదు వాకర్‌ కప్‌లు ఆడాడు. పక్కనున్న కుర్రాళ్లు ఒక్కొక్కరే కోట్ల ఆటకి వెళ్లిపోతుంటే తన చోటు తను నిలబెట్టుకోవడం చిన్న విషయమేం కాదు.

మీ అనుమానం నాకు తెలుసు. ‘వాళ్లకేంటండీ, డబ్బున్నవాళ్లు. గోల్ఫ్‌ కిట్‌ ధరకి మా సెమిస్టర్‌ ఫీజు కట్టొచ్చు’. నిజమే, కాదనను. మెక్‌నీలీలా తీరిగ్గా ఆలోచించే వెసులుబాటు ఎడ్యుకేషన్‌ లోన్‌ ఉన్నవాడికి ఉండదు. అయితే దీన్నిబట్టి తేలేదేంటి? దన్ను ఉన్నవాడే ఆగి ఆలోచించినప్పుడు, దన్ను లేని మనల్ని మాత్రం ‘దూకెయ్‌’ అనడం ఏం న్యాయం? మొదటి జీతం ఇంటి అద్దెకి పోయేవాడికే అమెచ్యూర్‌ దారి ఎక్కువ అవసరం. పగలు ఉద్యోగం, రాత్రి బ్లాగు... కొన్నేళ్లుగా నా పద్ధతి ఇదే. వ్యూస్‌ రాని వారం కూడా నచ్చిందే రాయగలుగుతున్నానంటే కారణం ఆ జీతమే.

అలాగని అందరూ అమెచ్యూర్లుగానే ఉండిపోవాలని చెప్పట్లేదు. హైదరాబాద్‌ మూలాలున్న కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్‌ తీగల సంగతే చూడండి. మణికట్టుకి ఆపరేషన్‌ జరిగి ఒక కాలేజీ సీజన్‌ పోయింది. వాకర్‌ కప్‌ ఆడనేలేదు. 2020లో కాలేజీ గోల్ఫ్‌లోని అగ్ర అవార్డులు అందుకుని ప్రొఫెషనల్‌ అయ్యాడు. 2023లో పీజీఏ టూర్‌ టైటిల్‌, 2024లో ప్రెసిడెంట్స్‌ కప్‌లో అమెరికా జట్టులో చోటు. దూకడానికి ముందు తన స్థాయి ఏంటో కొలిచి చూపించే స్కోర్లు అతని దగ్గరున్నాయి. మీ దగ్గర అలాంటి కొలత ఏముంది? ఫ్రెండ్స్‌ పెట్టే లైకులు లెక్కలోకి రావు. తెలియనివాళ్లు మీ కోడ్‌ వాడుతున్నారా, తెలియనివాళ్లు మీ ఫొటోకి డబ్బిస్తున్నారా అన్నది చూడండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. గోల్ఫ్‌లో అమెచ్యూర్‌ హోదాకి రాతపూర్వక నిబంధనలున్నాయి. 2022 నుంచి స్పాన్సర్ల డబ్బు తీసుకోవచ్చన్నారు, ప్రైజ్‌మనీకి మాత్రం వెయ్యి డాలర్ల పరిమితి పెట్టారు. మీ ఆఫర్‌ లెటర్‌లోనూ ఇలాంటి గీతలుండొచ్చు. ప్యాకేజీ అంకె చూసి మురిసిపోయి మూసేయకండి. బయటి పనికి డబ్బు తీసుకోవడం గురించి ఏం రాశారు? ఆఫీసు వేళల తర్వాత సొంత ల్యాప్‌టాప్‌లో మీరు రాసిన కోడ్‌ ఎవరిదవుతుంది? ఈ రెండు పేరాలూ వెతికి చదవండి. అర్థం కాకపోతే సంతకం పెట్టకముందే హెచ్‌ఆర్‌కి మెయిల్‌ పెట్టి, జవాబు దాచుకోండి.