పాత కంప్యూటర్ పనికిరాదా?

స్విచ్ వేస్తే పనిచేస్తోంది. పాటలు వినిపిస్తోంది, పిల్లల ప్రాజెక్టులు ప్రింటు తీసిపెడుతోంది. అయినా 'దీని పనైపోయింది, కొత్తది కొనుక్కోండి' అంటున్నాడు రిపేరు కుర్రాడు. నిజంగానే అంత ఖర్చు పెట్టాలా?

ఈ చర్చకు మూలం విండోస్ 10. మైక్రోసాఫ్ట్ దానికి 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆపేసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు మాత్రం 2026 అక్టోబర్ 13 వరకూ భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది. అది కొన్నాళ్ల ఊరట మాత్రమే. మద్దతు ఆగినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోదు. కాకపోతే ఆ తర్వాత బయటపడే లోపాలను సరిచేసే వాళ్లుండరు. అలాంటి సిస్టమ్‌లో బ్యాంకు లావాదేవీలు చేయడమంటే గడియ సరిగా పడని తలుపు వెనక నగలు దాచుకోవడమే!

ముందుగా చూడాల్సింది మీ కంప్యూటర్ విండోస్ 11కు సరిపోతుందా అని. దానికి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది కావాలి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే 'పీసీ హెల్త్ చెక్' ప్రోగ్రాం ఈ సంగతి నిమిషాల్లో తేల్చేస్తుంది. సరిపోతే విండోస్ 10 నుంచి మారడానికి డబ్బు కట్టక్కర్లేదు.

సరిపోకపోతే? లైనక్స్ ఉంది. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఈ వ్యవస్థ ఆధారంగా తయారైన ఉబుంటు, లైనక్స్ మింట్ ఉచితంగా దొరుకుతాయి. విండోస్ అలవాటైన వాళ్లకు మింట్ అంత కొత్తగా అనిపించదు. దానికి 2 జీబీ ర్యామ్ చాలు, 4 ఉంటే హాయి. నెట్ చూడటానికి ఫైర్‌ఫాక్స్, ఉత్తరాలూ లెక్కలకు లిబ్రే ఆఫీస్ ఉంటాయి. తెలుగులోనూ టైపు చేసుకోవచ్చు.

అలాగని అందరికీ నప్పదు. ఇంట్లో ఎవరైనా ట్యాలీలో షాపు లెక్కలు రాస్తున్నా, అను ఫాంట్లతో శుభలేఖలు డిజైన్ చేస్తున్నా విండోసే మేలు. ఆ ప్రోగ్రాములు దానికోసం తయారైనవి.

అందుకే ఓఎస్ మార్చేముందు ఓ పని చేయండి. వారం రోజులపాటు ఇంటిల్లిపాదీ కంప్యూటర్‌తో ఏమేం చేస్తున్నారో కాగితంమీద రాసిపెట్టండి. అమ్మ చూసే వంటల వీడియోలు, నాన్న కట్టే కరెంటు బిల్లు, పిల్లల పాఠాలు... ఏదీ వదలొద్దు. ఆ తర్వాత ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి మింట్‌ను ఎక్కించి దాంతోనే కంప్యూటర్ ఆన్ చేయండి. హార్డ్‌డిస్క్‌లో ఏదీ మార్చకుండానే వాడి చూడొచ్చు. వేగం కాస్త తక్కువగా ఉంటుంది, కంగారు పడొద్దు. వైఫై అందుతోందా, మాట వినిపిస్తోందా, ప్రింటర్ కదులుతోందా అని కాగితం దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూసుకోండి.

అన్నీ కుదిరితేనే ఇన్‌స్టాల్ చేయాలి. అదీ పెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్ల కాపీలు వేరేచోట భద్రపరిచాకే. ఆ ఒక్కటి మరిచిపోతే మాత్రం ఏ ఓఎస్ కూడా వాటిని తిరిగి తెచ్చివ్వలేదు!