సముద్రంలో ఎన్‌కౌంటర్లు

2025 సెప్టెంబర్ 2న కరీబియన్ సముద్రంలో అమెరికా సైన్యం ఒక పడవను పేల్చేసింది. పదకొండు మంది చనిపోయారు. వాళ్లు డ్రగ్స్ తెస్తున్న వెనిజులా ముఠావాళ్లని ట్రంప్ ప్రకటించి, వీడియో విడుదల చేశాడు. అందులో పడవ ఉంది, మంట ఉంది. సాక్ష్యం మాత్రం లేదు. ఆ ఏడాది ముగిసేనాటికి ఇట్లా చచ్చినవాళ్లు వంద దాటారు.

డ్రగ్స్ రవాణా నేరమే, కాదన్నదెవరు? అమెరికా కోస్ట్‌గార్డ్ ఏండ్ల తరబడి ఇట్లాంటి పడవలను ఆపి, సోదా చేసి, మనుషులను కోర్టుకు అప్పజెప్పింది. 1988 ఐక్యరాజ్యసమితి ఒప్పందం చెప్పేదీ అదే. ఇప్పుడేమో ఇది యుద్ధమట! పొట్లాలు మోసే పడవ ఎవరి మీద తుపాకీ పేల్చింది?

సరే, యుద్ధమే అనుకుందాం. సెప్టెంబర్ 2న మొదటి దెబ్బకు బతికి, పడవ శకలాలు పట్టుకొని వేలాడుతున్న ఇద్దరిని రెండో దెబ్బతో చంపారు. ఓడ మునిగి నీళ్లలో ఉన్నవాళ్లను కాల్చమనే ఆదేశం చట్టవిరుద్ధమని అమెరికా రక్షణశాఖ సొంత మాన్యువల్‌లోనే రాసి ఉంది.

అక్టోబర్‌లో ఇంకో దాడిలో ఇద్దరు బతికారు. ట్రంప్ వాళ్లను టెర్రరిస్టులన్నాడు, కానీ కోర్టులో నిలబెట్టలేదు, వాళ్ల దేశాలకు పంపేశాడు. ఈక్వడార్ తన మనిషిని ఆధారాల్లేవని వదిలేసింది. చచ్చిపోయి ఉంటే? అటు డ్రగ్స్ కేసులో 45 ఏండ్ల శిక్ష పడిన హోండురాస్ మాజీ అధ్యక్షుడు హెర్నాండెజ్‌కు అదే ట్రంప్ 2025 డిసెంబర్‌లో క్షమాభిక్ష పెట్టాడు. పెద్దోళ్లకు క్షమాపణ, పడవోళ్లకు మిసైల్.

'లొంగిపొమ్మంటే కాల్పులు జరిపారు' అనే ప్రెస్‌నోట్లు చదువుతూ పెరిగిన మనకు ఇది కొత్త కథ కాదు. ఎన్‌కౌంటర్‌లో మనిషి చస్తే కేసు పెట్టాల్సిందే, ఆత్మరక్షణ అన్నది పోలీసులే కోర్టులో రుజువు చేసుకోవాలి అని 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. (దానిమీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, అది వేరే ముచ్చట.) మన దగ్గర కనీసం శవం పక్కన తపంచా పెట్టి ఫోటో తీసేవాళ్లు, పంచనామా రాసేవాళ్లు. అక్కడ ఆ శ్రమ కూడా లేదు. చాలాసార్లు శవమే దొరకదు.

కొలంబియా మత్స్యకారుడొకరి కుటుంబం మాత్రం 2025 డిసెంబర్‌లో అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. మావాడు చేపలకు పోయిండు, ఎందుకు చంపారు అని.